స్కూలుకి ఏ నెట్ పెట్టించాలి? స్పీడు తర్వాత, తెగితే ఎవరొస్తారో ముందు అడగండి

జూన్‌లో బళ్లు తెరిచే రోజులు దగ్గర పడేకొద్దీ మా తిరుపతి, చిత్తూరు వైపు హెడ్మాస్టర్లు, ప్రైవేటు స్కూళ్ల కరస్పాండెంట్లు ఒకటే అడుగుతుంటారు: "ఏ నెట్ పెట్టించమంటారు?" జవాబు చెప్పేవాళ్లంతా స్పీడుతోనే మొదలుపెడతారు, వంద ఎంబీపీఎస్ (సెకనుకి ఎన్ని మెగాబిట్లో చెప్పే స్పీడు కొలత) అని ఒకరు, మూడొందలని ఇంకొకరు. నా మాట వేరే. మన జిల్లాల్లో స్కూలుకి నెట్ లేని రోజంటే స్పీడు చాలని రోజు కాదు. వైరు తెగి, ఫోన్ చేస్తే ఎవరూ రాని రోజు. అందుకే ఈ పోలికలో ప్రతి కనెక్షన్‌నీ ముందు ఆ లెక్కలో చూసి, తర్వాతే స్పీడు దగ్గరికి వెళ్దాం. భద్రత సంగతి చివర్లో ఒక మాటగా వదిలేయను, ఎందుకంటే ఏ కంపెనీ నెట్ తీసుకున్నా ఆ పని స్కూలుదే.

కంపెనీ పేరు అడగకముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, నెట్ ఏ పనికి, ఏ టైముకి కావాలి. ప్రభుత్వ బడిలో పొద్దున ప్రార్థన వేళకే హాజరు యాప్ అందరి ఫోన్లలో ఒకేసారి తెరుచుకుంటుంది. అది చాలా తక్కువ డేటా, కానీ ఆ పావుగంటలో నెట్ లేకపోతే టీచర్లందరికీ టెన్షన్. తర్వాత క్లాసుల్లో ఐఎఫ్‌పీ ప్యానెళ్ల (గోడకి బిగించే పెద్ద టచ్ తెరలు) మీద వీడియోలు, కంప్యూటర్ ల్యాబ్, ఆఫీసులో యూడైస్ (బడి, పిల్లల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్) ఎంట్రీలు. యూట్యూబ్ వీడియో 720పీలో చూస్తే సుమారు 2.5 ఎంబీపీఎస్, 1080పీలో అయితే సుమారు 5 ఎంబీపీఎస్ పడుతుంది. అంటే ఆరు ప్యానెళ్లు ఒకేసారి మంచి క్వాలిటీలో ఆడినా 30. ఇరవై కంప్యూటర్ల ల్యాబ్‌లో పిల్లలందరూ ఎవరి వీడియో వాళ్లు 720పీలో చూస్తే 50. మామూలు హైస్కూలుకి 50 నుంచి 100 ఎంబీపీఎస్ హాయిగా సరిపోతుంది. మూడొందల ప్లాన్ అమ్మేవాళ్లు మీ లెక్క వేయలేదు, వాళ్ల టార్గెట్ లెక్క వేసుకున్నారు.

రెండోది, తెగితే బాగు చేసే మనిషి ఎక్కడుంటాడు. మండల కేంద్రంలోనా, తిరుపతిలోనా, లేక కాల్ సెంటర్ నంబరు ఒక్కటేనా? "99 శాతం పని చేస్తుంది" అని ఎవరైనా అంటే ఆ మిగిలిన ఒక్క శాతం ఏడాదికి 87 గంటలు దాటుతుందని గుర్తుంచుకోండి, మూడున్నర రోజులకు పైనే. ఇంటి ప్లాన్లలో ఆ మాత్రం హామీ కూడా రాతపూర్వకంగా ఉండదు.

మూడోది వైరు వచ్చే దారి, ఇది దాదాపు ఎవరూ అడగరు. వైరు కరెంటు స్తంభాల మీద వస్తోందా, నేలలో వస్తోందా? స్తంభాల మీదైతే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల గాలివానకి, ఏప్రిల్–మే నెలల్లో ఈదురుగాలులకి దెబ్బ తింటుంది. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వరదలు, 2022 డిసెంబరులో మాండౌస్ తుపాను, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను, వరుసగా మూడేళ్లూ ఇదే సీజన్. నేలలో వచ్చే కేబుల్‌కి గాలి భయం లేదు కానీ జేసీబీ భయం ఉంది. రోడ్డు వెడల్పు చేసే పనులు, కొత్త హైవే పనులు నడిచే వైపు ఉన్న స్కూళ్లు ఈ సంగతి తప్పకుండా అడగాలి. శేషాచలం కొండల కింద ఉండే కాలనీల్లో కోతుల బెడద కూడా లెక్కలోకి వేసుకోండి, వేలాడే సన్న కేబుల్‌ని అవి వదలవు.

నాలుగోది కరెంటు. నెట్ బాగానే ఉండి రౌటర్‌కి కరెంటు లేకపోతే అదీ నెట్ లేనట్టే. ఫైబర్ బాక్సు, రౌటర్ కలిపినా బల్బంత కరెంటే తింటాయి కాబట్టి రౌటర్లకని అమ్మే 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి పెడితే రెండు మూడు గంటలు లాగుతుంది. అది రెండు వేల లోపు ఖర్చు. ఇంత చవగ్గా దొరికే నమ్మకం ఇంకోటి లేదు.

ఐదోది, కనెక్షన్ ఎవరి పేరు మీద. దయచేసి ఒక టీచర్ ఆధార్ మీద తీసుకోకండి. ఆ మేడమ్‌కి బదిలీ అయితే ఓటీపీ కోసం ఆమె కొత్త బడికి ఫోన్లు చేస్తూ ఉండాలి. స్కూలు పేరుతో, జీఎస్టీ బిల్లుతో, స్కూలు దగ్గరే ఉండే ఫోన్ నంబరుతో తీసుకోండి. హోమ్ ప్లాన్ల నిబంధనలు ఇంటి వాడకం కోసం రాసినవి, స్కూలుకి బిజినెస్ ప్లాన్ తీసుకుంటే ధర కాస్త ఎక్కువైనా ఫిర్యాదు చేసినప్పుడు మాట నిలుస్తుంది.

ఫైబర్: బీఎస్ఎన్ఎల్, ఏపీ ఫైబర్‌నెట్, ప్రైవేటు కంపెనీలు

వీలైన చోటల్లా స్కూలుకి ప్రధాన కనెక్షన్ ఫైబరే కావాలి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. డేటా పరిమితి చాలా పెద్దది, వానకి సిగ్నల్ తగ్గదు, గాజు తీగ కాబట్టి పిడుగు పడినా కరెంటు ఆ గాజు గుండా లోపలికి రాదు. కానీ "ఫైబర్" అని ఒకే మాట అంటున్నా వాటి వెనకున్న ఏర్పాట్లు వేరు.

ఏపీ ఫైబర్‌నెట్ రాష్ట్ర ప్రభుత్వ సంస్థది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు, మొదట్లో 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ కలిపి ఇచ్చారు. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదే కేబుల్ లాగారు కాబట్టే పల్లెలకి అంత త్వరగా చేరింది. దాని బలం అదే, బలహీనతా అదే. గాలికి స్తంభం ఒరిగితే కరెంటూ నెట్టూ ఒకేసారి పోతాయి, స్తంభం నిలబెట్టేదాకా కేబుల్ కట్టేవాళ్లు కూడా ఆగాలి. ఇంటింటికీ ఇచ్చేది ఊళ్లోని కేబుల్ ఆపరేటరే. ఆయన చురుకైన మనిషైతే సాయంత్రానికల్లా అతుకు వేసి పోతాడు, కాకపోతే ఆ ఊళ్లో ఫైబర్‌నెట్ పేరే చెడిపోతుంది. కాబట్టి ఇక్కడ మీరు చూడాల్సింది సంస్థని కాదు, మీ ఊరి ఆపరేటర్‌ని. ఊళ్లో నాలుగిళ్లు అడగండి చాలు.

బీఎస్ఎన్ఎల్‌కి పాత ఎక్స్ఛేంజీలు మండల కేంద్రాల్లో ఉన్నాయి, ఎక్స్ఛేంజీ దాకా కేబుల్ చాలా చోట్ల నేలలోనే వస్తుంది. అక్కడి నుంచి మీ బడి దాకా లాగేది మాత్రం ఎక్కువగా స్థానిక ఫ్రాంచైజీ పార్ట్‌నర్లు, అదీ స్తంభాల మీదే. భారత్‌నెట్ పథకం కింద పంచాయతీల దాకా వచ్చిన ఫైబర్ కూడా ఉంది. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో గ్రామీణ ప్రాంతాల ప్రభుత్వ సెకండరీ స్కూళ్లన్నింటికీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకీ భారత్‌నెట్ ద్వారా బ్రాడ్‌బ్యాండ్ ఇస్తామని ప్రకటించారు. మీది జడ్పీ హైస్కూలైతే కొత్త కనెక్షన్‌కి డబ్బు కట్టే ముందు ఎంఈఓ ఆఫీసులోనూ పంచాయతీలోనూ ఈ సంగతి అడిగి తెలుసుకోండి. వచ్చేది ఉంటే దాన్ని ప్రధానంగా పెట్టుకుని మీ డబ్బుని బ్యాకప్‌కి వాడుకోవచ్చు.

జియో, ఎయిర్‌టెల్ లాంటి ప్రైవేటు ఫైబర్ తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, పుత్తూరు లాంటి పట్టణాల్లో బాగా సరిపోతుంది. వాళ్ల టెక్నీషియన్లు పట్టణంలో తిరుగుతూనే ఉంటారు. పట్టణం దాటి పది పదిహేను కిలోమీటర్లు వెళితే వైరు ఉండదు, ఉన్నా మనిషి రావడానికి ఆలస్యం.

ఏ ఫైబర్ అయినా బిగించే రోజు ఒక్క పని చేయండి. టెక్నీషియన్ దగ్గర మీటరు ఉంటుంది, బాక్సు దగ్గర వెలుగు ఎంత వస్తోందో చూపించమనండి. మీటరు మీద డీబీఎం అనే కొలతలో మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే బాగుంది. మైనస్ 27 దగ్గర ఉంటే ఈరోజు పని చేసినా కొన్నాళ్లకి ఎర్ర లైటు వెలగడం ఖాయం, అతుకులు మళ్లీ వేయించండి. ఆ అంకె ఒక కాగితం మీద రాసి రౌటర్ పక్కనే అంటించి పెట్టండి. తర్వాత ఎప్పుడు తేడా వచ్చినా ఫిర్యాదులో "నెట్ స్లో" అనే బదులు ఆ అంకె చెప్తే అవతలివాళ్లకి సాకు దొరకదు.

ఎయిర్‌ఫైబర్

జియో 2023 సెప్టెంబరు 19న దీన్ని మొదలుపెట్టింది. ఎయిర్‌టెల్ అంతకు కొద్దిగా ముందే వచ్చింది. మేడ మీద ఒక డబ్బా బిగిస్తారు, అది 5జీ టవర్ నుంచి సిగ్నల్ తీసుకుని లోపల వైఫై ఇస్తుంది. వైరు లేదు కాబట్టి తెగే భయం లేదు, ఒకట్రెండు రోజుల్లో బిగించేస్తారు. అద్దె భవనంలో నడిచే స్కూలుకి, ఇల్లు మారినట్టు స్కూలు మారే అవకాశం ఉన్నవాళ్లకి మంచిది.

కానీ ఇది టవర్ మీద ఆధారపడిన నెట్. ఆ టవర్‌ని చుట్టుపక్కల ఫోన్లన్నీ పంచుకుంటాయి. తిరుపతిలో బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో బస్టాండు, అలిపిరి, కపిలతీర్థం వైపు ఎంత జనం ఉంటారో మనకి తెలుసు. అలాంటి చోట దీన్నే ఏకైక కనెక్షన్‌గా పెట్టుకోవద్దు. అప్‌లోడ్ కూడా ఫైబర్ కంటే తక్కువ, ఆన్‌లైన్ క్లాసు మీరు చెప్పేవాళ్లైతే అది తెలుస్తుంది. పైగా టవర్ దగ్గర కరెంటు పోయి బ్యాటరీలు అయిపోతే మీ యూపీఎస్ ఏమీ చేయలేదు. నా లెక్కలో ఇది పట్టణ స్కూలుకి మంచి బ్యాకప్, ఫైబర్ రాని చోట పనికొచ్చే ప్రధాన కనెక్షన్.

సిమ్ డాంగిల్, ఫోన్ హాట్‌స్పాట్

ఇప్పుడు చాలా బళ్లలో నిజంగా నడుస్తున్నది ఇదే, టీచర్ల సొంత ఫోన్, సొంత రీఛార్జ్. రోజుకి గిగాబైటున్నరో రెండో అయిపోతే ఆ పూట పాఠం ఆగిపోతుంది. టీచర్ సెలవు పెడితే నెట్ కూడా సెలవే. ఇది న్యాయం కూడా కాదు, బడి పనికి టీచర్ జీతంలోంచి డేటా ఎందుకు పోవాలి? స్కూలు పేరు మీద ఒక సిమ్, అది పెట్టుకునే 4జీ రౌటర్ ఒకటి కొంటే పది పదిహేను మంది వాడుకునేంత పని జరుగుతుంది. కొనే ముందు ఊళ్లో ఏ సిమ్‌కి సిగ్నల్ బాగుందో గేటు దగ్గర కాదు, రౌటర్ పెట్టబోయే గదిలో, తలుపులు వేసి చూడండి. ఎర్రావారిపాళెం, రామకుప్పం లాంటి అడవి అంచు మండలాల్లో ఒక కిటికీ దగ్గర దొరికే సిగ్నల్ పక్క గదిలో ఉండదు.

లీజ్డ్ లైన్, శాటిలైట్

లీజ్డ్ లైన్ అంటే ఆ వేగం పూర్తిగా మీదే, డౌన్‌లోడ్ ఎంతో అప్‌లోడ్ అంత, ఎన్ని గంటల్లో బాగు చేయాలో కాగితం మీద ఉంటుంది, చేయకపోతే డబ్బు తగ్గిస్తారు. ధర ఫైబర్‌కి ఎన్నో రెట్లు, ఏడాదికి లక్ష దాటిపోవచ్చు. ఆన్‌లైన్ పరీక్షల సెంటర్‌గా ఉండే సంస్థలకి, వేల మంది పిల్లలున్న పెద్ద క్యాంపస్‌లకి సరే. మిగతావాళ్లకి ఆ డబ్బుతో రెండు ఫైబర్లు, మంచి రౌటర్, లోపలి వైరింగ్ అన్నీ అయిపోతాయి, ఇంకా మిగులుతుంది.

పాత రకం శాటిలైట్ నెట్‌కి ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల పైన ఉంటుంది, మాట వెళ్లి రావడానికే అర సెకనుకి పైగా పడుతుంది, వీడియో కాల్‌కి చికాకు. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాల స్టార్‌లింక్‌కి 2025 జూన్‌లో టెలికాం శాఖ లైసెన్సు ఇచ్చింది. ఏ సిగ్నలూ రాని గూడేల బళ్లకి రేపు ఇది ఉపయోగపడవచ్చు, కానీ బిగించే మనిషి, బాగు చేసే మనిషి మీ మండలంలో కనిపించేదాకా ఈ ఏడాది బడ్జెట్ దాని మీద వేసుకోవద్దు.

| కనెక్షన్ | తెగితే బాగయ్యే తీరు | గాలివానలో | ఖర్చు | ఎవరికి |
|---|---|---|---|---|
| ఏపీ ఫైబర్‌నెట్ | ఊరి ఆపరేటర్ చురుకుని బట్టి | స్తంభాలతో పాటు పోతుంది | తక్కువ | పల్లె, మండల హైస్కూళ్లు |
| బీఎస్ఎన్ఎల్ ఫైబర్ | ఫ్రాంచైజీ మనిషిని బట్టి | చివరి కిలోమీటరే సమస్య | తక్కువ–మధ్యస్థం | మండల కేంద్రాలు, హైస్కూళ్లు |
| ప్రైవేటు ఫైబర్ | పట్టణంలో త్వరగా | మధ్యస్థం | తక్కువ–మధ్యస్థం | పట్టణ స్కూళ్లు |
| ఎయిర్‌ఫైబర్ | తెగేది లేదు, టవర్ పడితే ఆగాలి | టవర్ కరెంటుని బట్టి | మధ్యస్థం | పట్టణంలో బ్యాకప్ |
| 4జీ రౌటర్ | సిమ్ మార్చుకోవచ్చు | టవర్ కరెంటుని బట్టి | తక్కువ | చిన్న ప్రాథమిక బళ్లు |
| లీజ్డ్ లైన్ | రాతపూర్వక హామీ | దారిని బట్టి | చాలా ఎక్కువ | పరీక్షా కేంద్రాలు |

రెండో కనెక్షన్ ఉంటే దారి కూడా రెండోదై ఉండాలి

"మాకు రెండు నెట్‌లు ఉన్నాయి సార్" అంటారు. బయటికొచ్చి చూస్తే రెండు కేబుళ్లూ ఒకే స్తంభం మీద నుంచి, ఒకే కిటికీలోంచి లోపలికి వస్తుంటాయి. ఆ స్తంభం పడితే రెండూ పోతాయి. ఒకటి వైరుదైతే ఇంకోటి టవర్‌ది పెట్టండి. రెండూ వైర్లే అయితే ఒకటి తూర్పు వీధి నుంచి, ఇంకోటి పడమర వీధి నుంచి రావాలి. రెండింటినీ ఒకే పెట్టెలో కలిపే డ్యూయల్ వ్యాన్ రౌటర్లు మైక్రోటిక్, టీపీ-లింక్ ఒమాడా లాంటి కంపెనీలవి బజార్లో దొరుకుతాయి. ఒకటి పోగానే రెండోదానికి అదే మారుతుంది, క్లాసులో ఉన్న టీచర్‌కి తెలియను కూడా తెలియదు. బ్యాకప్‌కి పెద్ద ప్లాన్ అక్కర్లేదు, హాజరు, ఆఫీసు పని సాగితే చాలు. ప్రధాన లైన్ పోయినప్పుడు ప్యానెళ్ల వీడియోలు ఆపేలా రౌటర్‌లో పెట్టించండి, లేకపోతే చిన్న ప్లాన్ అరగంటలో ఖాళీ.

గేటు లోపలి సంగతి

కంపెనీ నెట్ గేటు దాకానే తెస్తుంది. లోపల సగం ఫిర్యాదులు వైఫైవి, నెట్‌వి కావు. కంపెనీ ఉచితంగా ఇచ్చే రౌటర్ ఒక కుటుంబానికి చేసింది. హెడ్మాస్టర్ గదిలో అది పెట్టి, రెండు కాంక్రీటు గోడల అవతల ఏడో తరగతిలో ప్యానెల్ మీద వీడియో ఆడడం లేదంటే తప్పు ఎవరిది? కదలని వస్తువులన్నిటికీ, అంటే ప్యానెళ్లు, ల్యాబ్ కంప్యూటర్లు, ఆఫీసు పీసీ, వీటికి వైరే వేయండి. వైఫై ఫోన్లకీ ట్యాబులకీ మాత్రమే. వైరు కొనేటప్పుడు అచ్చం రాగిదే అడగండి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు సగం ధరకి అంటగడతారు, దాన్ని సీసీఏ అంటారు, డబ్బా మీద ఆ మూడక్షరాలు ఉంటే వద్దనండి.

జడ్పీ హైస్కూళ్లలో బ్లాకులు ఒక్కోటి ఒక్కో మూల ఉంటాయి. రాగి నెట్‌వర్క్ వైరు వంద మీటర్లు దాటితే నమ్మకంగా పని చేయదు, అంతకంటే ముఖ్యంగా, మైదానం మీదుగా లాగిన రాగి వైరు పిడుగుని రెండు బ్లాకుల్లోకీ తీసుకొస్తుంది. ఒక్క మే నెల ఉరుముల వానతో ల్యాబ్ స్విచ్చులన్నీ కాలిపోవచ్చు. బ్లాకుల మధ్య మాత్రం ఫైబరే వేయండి, రెండు వైపులా చిన్న కన్వర్టర్లు పెడితే సరిపోతుంది. ఖర్చు కాస్త పెరుగుతుంది, ఒక్క స్విచ్ కాలకుండా ఆగితే తిరిగొస్తుంది.

భద్రత, ఏ నెట్ అయినా మీ చేతుల్లోనే

మొదట ఒకే నెట్‌ని మూడుగా విడదీయండి. ఆఫీసుది ఒకటి, ల్యాబ్, క్లాసులది ఒకటి, వచ్చేపోయేవాళ్ల ఫోన్లది ఒకటి. వీల్యాన్ అనే ఏర్పాటుతో పైన చెప్పిన రౌటర్లలో ఇది చేయొచ్చు. పిల్లల మార్కులు, ఆధార్ నంబర్లు, ఫీజుల లెక్కలు ఉన్న కంప్యూటరూ, ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టిన ల్యాబ్ కంప్యూటరూ ఒకే వైరు మీద ఉండకూడదు. సీసీ కెమెరాలు నాలుగో గుంపు. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా ఇంటర్నెట్‌ని అల్లకల్లోలం చేసింది ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని కెమెరాలు, రౌటర్ల ద్వారానే. బిగించినవాడు పెట్టిన పాస్‌వర్డు అతను గేటు దాటకముందే మార్చండి.

పిల్లలకి చూడకూడనివి కనిపించకుండా చేయడానికి మొదటి మెట్టు ఉచితం. రౌటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ అని ఉంటుంది, సైటు పేరు కొడితే దాని అడ్రసు వెతికి పెట్టేది అదే. అక్కడ క్లౌడ్‌ఫ్లేర్ కుటుంబాల కోసం ఇచ్చే 1.1.1.3, 1.0.0.3 పెడితే అశ్లీల సైట్లు, వైరస్ సైట్లు చాలావరకు తెరుచుకోవు. క్లీన్‌బ్రౌజింగ్ వాళ్ల ఫ్యామిలీ ఫిల్టర్ 185.228.168.168 ఇంకా గట్టిది, గూగుల్, యూట్యూబ్‌లలో సేఫ్ సెర్చ్‌ని కూడా తప్పనిసరి చేస్తుంది, కానీ కొన్ని మంచి సైట్లనీ ఆపేస్తుంది. చిన్న తరగతులకి రెండోది, హైస్కూలు ల్యాబ్‌కి మొదటిది నా ఎంపిక. ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ మార్చుకునో, వీపీఎన్ యాప్ వేసుకునో పదో తరగతి పిల్లవాడు దీన్ని దాటగలడు. రౌటర్‌లో బయటి డీఎన్ఎస్‌లని ఆపేయడం, ల్యాబ్‌లో పిల్లలకి అడ్మిన్ హక్కులు లేని ఖాతాలు ఇవ్వడం రెండో మెట్టు. మూడోది గదిలో టీచర్ ఉండడం, తెరలు టీచర్‌కి కనిపించేలా బల్లలు వేయడం. ఆ మూడో మెట్టు లేకుండా మొదటి రెండూ సరిపోవు.

ల్యాబ్‌లో పాత కంప్యూటర్లుంటే వాటి సంగతీ చూడాలి. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మామూలు సపోర్టు ఆపేసింది. కొత్త విండోస్ ఎక్కని మెషిన్లలో ఉబుంటు లాంటి ఉచిత లైనక్స్ వేసుకుంటే పాఠాలకీ బ్రౌజింగ్‌కీ ఏ లోటూ ఉండదు. ఆఫీసు కంప్యూటర్‌లోని రికార్డులు వారానికోసారి ఒక హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్ ఊడదీసి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచిన డిస్క్‌ని వైరస్ కూడా పాడు చేయగలదు.

పిల్లల వివరాల సంగతి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ముఖ్యమంటుంది. ప్రైవేటు స్కూళ్లు ఏదో యాప్ కంపెనీకి పిల్లల ఫొటోలు, ఫోన్ నంబర్లు అన్నీ ఒక ఎక్సెల్ షీట్‌గా ఇచ్చేసే ముందు ఈ చట్టం గుర్తుంచుకోవాలి. డబ్బు మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలని ఆఫీసు గోడ మీద పెద్దగా రాసి పెట్టండి. మొదటి గంటల్లో చెప్తేనే డబ్బు ఆగే అవకాశం ఎక్కువ.

మీది ఏ రకం బడి?

తిరుపతి పట్టణంలో నాలుగైదు వందల మంది పిల్లలున్న ప్రైవేటు స్కూలైతే: 100 ఎంబీపీఎస్ ప్రైవేటు ఫైబర్, పక్కన ఎయిర్‌ఫైబర్ లేదా బీఎస్ఎన్ఎల్ చిన్న ప్లాన్, డ్యూయల్ వ్యాన్ రౌటర్. అలిపిరి వైపు ఉంటే బ్యాకప్‌కి టవర్ నెట్ కాకుండా రెండో ఫైబరే మేలు.

సత్యవేడు, కార్వేటినగరం, బంగారుపాళెం లాంటి మండలాల జడ్పీ హైస్కూలైతే: బీఎస్ఎన్ఎల్, ఫైబర్‌నెట్ రెండింట్లో ఎవరి లైన్‌మన్ మీ ఊళ్లో ఉంటే అది ప్రధానం. బ్యాకప్ 4జీ రౌటర్. డబ్బు తక్కువైతే స్పీడు తగ్గించుకుని యూపీఎస్ కొనండి, యూపీఎస్ మానుకుని స్పీడు కొనకండి.

గురుకులం, కస్తూర్బా విద్యాలయం లాంటి హాస్టల్ బడి అయితే లెక్క తిరగబడుతుంది. పగలు కంటే సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా నెట్ ముఖ్యం, అమ్మానాన్నలతో వీడియోలో మాట్లాడేది అప్పుడే. ఇక్కడ స్పీడు మీద కంటే భద్రత మీద ఎక్కువ ఖర్చు పెట్టాలి. టైము ప్రకారం నెట్ ఆగేలా రౌటర్‌లో పెట్టడం, పిల్లల గదుల వైపు వైఫై లేకుండా ల్యాబ్‌లోనే ఇవ్వడం, ఏ కంప్యూటర్ ఎవరు వాడారో పుస్తకంలో రాయడం, ఇవన్నీ వార్డెన్ చేతిలో ఉండాలి.

ఇరవై, ముప్ఫై మంది పిల్లలు, ఒకరో ఇద్దరో టీచర్లున్న ప్రాథమిక బడి గురించే నాకు ఎక్కువ చెప్పాలనిపిస్తుంది, ఎందుకంటే వీళ్ల కోసం ఎవరూ లెక్క వేయరు. సమగ్ర శిక్షా నిబంధనల ప్రకారం 30 మంది లోపున్న బడికి కాంపోజిట్ గ్రాంటు, అంటే బడి మామూలు ఖర్చులకి ఇచ్చే డబ్బు, ఏడాదికి 10,000 రూపాయలు. నెలకి 399 రూపాయల ఫైబర్ ప్లాన్ అనుకున్నా 18 శాతం జీఎస్టీ కలిపితే ఏడాదికి 5,650 దాకా అవుతుంది, అంటే గ్రాంటులో సగానికి పైగా. సుద్దముక్కల నుంచి రిపేర్ల దాకా మిగతా సగంలో ఎలా? ఈ బళ్లకి ఫైబర్ వద్దు. ఒక సిమ్, చిన్న 4జీ రౌటర్ హాజరుకీ ఆఫీసు పనికీ చాలు. పాఠాలకి నెట్ లేకుండా పని చేసే దారి ఉంది. కొలిబ్రి, కీవిక్స్ అనే ఉచిత ప్రోగ్రాములు ఒక పాత ల్యాప్‌టాప్‌లోనో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డులోనో వేసి, నెట్ ఉన్న చోట వీడియోలు, తెలుగు వికీపీడియా దింపుకుని తెస్తే, బడిలో వైఫై ద్వారా ట్యాబులన్నీ వాటిని చూస్తాయి. డేటా ఖర్చు సున్నా, పిల్లలు బయటి సైట్లకి వెళ్లే ప్రశ్నే లేదు. వేసవి సెలవుల్లో మండల కేంద్రం హైస్కూల్లో ఒకసారి కూర్చుని మండలంలోని చిన్న బళ్లన్నిటికీ సీఆర్పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) ఇది చేసి ఇవ్వొచ్చు.

డబ్బు కట్టే ముందు

కేబుల్ ఏ స్తంభాల మీద నుంచి వస్తుందో నడిచి చూపించమనండి. బాగు చేసే మనిషి సొంత ఫోన్ నంబరు తీసుకుని, వేరే ఫోన్ నుంచి ఒకసారి చేసి చూడండి, ఎత్తుతాడో లేదో. డేటా పరిమితి దాటితే స్పీడు ఎంతకి పడిపోతుందో అడగండి, అన్‌లిమిటెడ్ అన్న మాట దగ్గర ఆగిపోవద్దు. బాక్సు ఎవరిది, మానేస్తే తిరిగివ్వాలా, అడ్వాన్సు వెనక్కి వస్తుందా, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఏడాదికి కడితే రెండు నెలలు ఉచితం అని ఊరిస్తారు. మొదటి ఏడాది ఆ ఆఫర్ తీసుకోకండి. జూన్‌లో బిగించి, నెలనెలా కడుతూ, నవంబరు, డిసెంబరు వానలు దాటనివ్వండి. ఆ రెండు నెలల్లో ఎన్నిసార్లు తెగింది, ప్రతిసారీ ఎన్ని గంటలకి మనిషి వచ్చాడు అన్నది ఒక నోటుబుక్కులో తేదీలతో రాసి పెట్టించండి. జనవరిలో ఆ పుస్తకం ముందు పెట్టుకుని ఏడాది ప్లాన్ ఎవరికి కట్టాలో తేల్చుకోవచ్చు.